ఈసినోఫిల్స్ సున్నా అంటే అలర్జీ లేదని కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో పోయిన వారం అలర్జీల మీద వచ్చిన వ్యాసం చదివాను. దుమ్ము, పుప్పొడి, దద్దుర్లు, ఉబ్బసం గురించి చాలా మటుకు సరిగ్గానే రాశారు. చివర్లో మాత్రం ఒక వాక్యం ఉంది. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు మామూలుగా ఉంటే ఇక అలర్జీ లేనట్టేనని దాని సారాంశం. అక్కడికి వచ్చేసరికి పేపరు పక్కన పెట్టేశాను. ఈ మాట నమ్మి నా చెల్లెలు ప్రాణం మీదికి తెచ్చుకుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా సొంత సంగతులు కత్తిరించండి. మాత్రల గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్లు పనిచేసి రెండేళ్ల కింద రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం మైక్రోస్కోప్ ముందే గడిచింది. ఇప్పుడు మెషిన్లే తెల్లకణాలను లెక్కపెట్టి కాగితం మీద అచ్చు వేసి ఇస్తున్నాయి. మా రోజుల్లో ఒక్కో స్లైడ్ మీద వంద తెల్లకణాలను కంటితో చూసి, ఏ రకం ఎన్నో వేలితో మీట నొక్కుతూ లెక్కపెట్టేవాళ్లం. రక్తపు చుక్కను గాజుపలక మీద పలచగా పూసి, ఆరబెట్టి, రంగు వేసి, నూనె చుక్క పెట్టి చూస్తే అన్నింటిలోకీ ముందు కంటికి ఆనేది ఈసినోఫిలే. కేంద్రకం రెండు తమ్మెలుగా ఉంటుంది. దాని చుట్టూ కిక్కిరిసి నారింజ ఎరుపు రంగు గింజలు. ఎంత అలసిపోయి ఉన్నా అది కనపడగానే గుర్తుపట్టేస్తాం.

ఆ పేరు పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, 1879లో. ఈసిన్ అనే గులాబీ రంగును ఈ కణాలు ఇష్టంగా పట్టుకుంటాయి కాబట్టి ఈసినోఫిల్ అన్నాడు. ఈసిన్ అన్న మాట గ్రీకుల ఉషోదేవత పేరు నుంచి వచ్చింది. మా సీనియర్ టెక్నీషియన్ ఒకాయన నాకు మొదటి వారంలోనే ఇది చెప్పి, 'ఉషస్సు పేరు పెట్టుకున్న ఈ కణాలు పొద్దెక్కేసరికి తగ్గిపోతాయమ్మా, ఎందుకో కనుక్కో' అన్నారు. అప్పుడు నాకు 22 ఏళ్లు. కనుక్కోవడానికి నా రక్తమే తీసుకున్నాను. నైట్ డ్యూటీలో అర్ధరాత్రి లెక్కపెడితే మైక్రోలీటరుకు 340 వచ్చాయి. మర్నాడు ఉదయం పదింటికి 210. అదే మనిషి, అదే చెయ్యి, మధ్యలో పది గంటలు.

కారణం కార్టిసాల్ అనే హార్మోను. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల పై పొరలో అది తయారవుతుంది. కార్టెక్స్ అంటే బెరడు, పేరు అక్కడిదే. తెల్లవారుజాము నుంచి కార్టిసాల్ పెరుగుతూ పోయి, మనం నిద్రలేచే వేళకు శిఖరానికి చేరుతుంది. పగలంతా నెమ్మదిగా దిగుతూ అర్ధరాత్రికి అట్టడుగుకు వస్తుంది. రక్తంలో ఈసినోఫిల్స్ దీనికి సరిగ్గా ఎదురు నడుస్తాయి. కార్టిసాల్ పెరిగిన కొన్ని గంటలకు అవి తగ్గుతాయి, అది తగ్గితే ఇవి పెరుగుతాయి. ఉబ్బసం ఉన్న ఇళ్లలో రాత్రి రెండింటికో నాలుగింటికో పిల్లికూతలతో లేచి కూర్చోవడం అందరూ చూసిందే. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆ వేళ ఒంట్లో కార్టిసాల్ అడుగంటి ఉండటం వాటిలో ఒకటి.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా గోడు అర్థమయ్యేది అప్పుడే. కార్టిసాల్ కొవ్వులో కరిగే పదార్థం. కణం పొరను దాటుకుని నేరుగా లోపలికి పోతుంది. లోపల దానికోసమే కాచుకున్న ఒక ప్రొటీన్‌ను పట్టుకుని, ఆ జంట కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను నోరు మూయిస్తుంది. అలా మూగబోయే వాటిలో ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేతం ముఖ్యమైనది. మూలుగలో ఈసినోఫిల్ తయారై బయటికి రావడానికీ, వచ్చాక బతకడానికీ ఈ సంకేతమే ఆధారం. అది అందకపోతే ఈసినోఫిల్స్ తమంతట తామే చచ్చిపోతాయి. కొన్ని రక్తాన్ని వదిలి తిరిగి మూలుగలోకీ కణజాలాల్లోకీ చేరిపోతాయి. అంటే రక్తంలో లేకపోవడానికి రెండు అర్థాలున్నాయి. చచ్చిపోయి ఉండవచ్చు, లేదా మనకు కనపడని చోటికి పోయి ఉండవచ్చు. అసలు ఈసినోఫిల్‌కు రక్తం ఒక దారి మాత్రమే, కాపురం ఉండే చోటు కాదు. రక్తంలో కొన్ని గంటలు తిరిగి పేగుల గోడల్లోకి పోతుంది, అలర్జీ ఉన్నవాళ్లలో అయితే శ్వాసనాళాల్లోకీ చర్మంలోకీ కూడా. రక్తంలో ఒకటి కనిపించిందంటే కణజాలంలో వందలు ఉన్నట్టు లెక్క. దారిలో మనుషులు లేనంత మాత్రాన ఊళ్లో ఎవరూ లేరనుకుంటామా?

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. కార్టిసాల్ ఎక్కువైతే ఈసినోఫిల్స్, లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు తగ్గుతాయి కానీ న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం పెరుగుతాయి. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి ప్రవాహంలో కలుస్తాయి, వాటి ఆయుష్షు కూడా పెరుగుతుంది. కాబట్టి న్యూట్రోఫిల్స్ వందలో 80 దాటి, ఈసినోఫిల్స్ సున్నా అయి, మనిషికి జ్వరం లేకపోతే ఆ స్లైడ్ ఒక మాట అడగమంటుంది: 'ఈ మనిషి స్టెరాయిడ్ ఏమైనా వాడుతున్నాడా?' ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఇవన్నీ కార్టిసాల్‌ను చూసి మనిషి తయారుచేసుకున్న మందులే. కణానికి అసలు కార్టిసాల్‌కూ మాత్రకూ తేడా తెలియదు.

ఇప్పుడు నా చెల్లెలి సంగతి.

తనకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. అప్పటికి 44 ఏళ్లు. డాక్టర్ ఎప్పుడో ఇన్‌హేలర్ రాసిచ్చారు. 'దానికి అలవాటు పడితే ఇక వదలదట అక్కా' అని సొరుగులో పడేసింది. తర్వాత తెలిసినవాళ్లెవరో ఆయాసానికి అద్భుతంగా పనిచేస్తుందని ఒక చిన్న తెల్ల మాత్ర చెప్పారు. పేరు కూడా చూసుకోలేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండు రోజుల్లో పిల్లికూతలు పోయాయి. ఏళ్ల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. ఆకలి పెరిగింది. అయిదు నెలలు అలా మింగింది. నాకు చెప్పలేదు, నేను తిడతానని. ఆ మధ్య ఇంటికి వస్తే ముఖం గుండ్రంగా, నిండుగా కనపడింది. 'ఒళ్లు చేశావే, ఇప్పుడు బాగున్నావు' అన్నాను. వేల స్లైడ్లు చూసిన దాన్ని, ఎదురుగా ఉన్న చెల్లెలి ముఖంలో స్టెరాయిడ్ చూడలేకపోయాను.

దగ్గు తగ్గడం లేదని తను ఒక ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ రక్తపరీక్ష చేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. న్యూట్రోఫిల్స్ 84, లింఫోసైట్లు 12, మోనోసైట్లు 4, ఈసినోఫిల్స్ 0. మొత్తం తెల్లకణాలు 13,200. జ్వరం లేదు. అక్కడి డాక్టర్ సున్నా వైపు చూపించి 'నీకు అలర్జీయే లేదమ్మా, ఇదంతా టెన్షన్' అన్నారట. ఏ మందులు వాడుతున్నావని ఎవరూ అడగలేదు. తను సంతోషంగా నాకు ఫోన్ చేసింది. 'అక్కా, నాకు అలర్జీ లేదంటున్నారు.' నేను డ్యూటీలో ఉన్నాను. 'మంచిదే కదా' అని పెట్టేశాను. రిపోర్టులో మిగతా అంకెలు చదివి వినిపించమని అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం గురించి ఇప్పటికీ బాధపడతాను.

అలర్జీ లేనప్పుడు మాత్ర ఎందుకని తను ఆ రోజే మానేసింది. ఒక్కసారిగా.

అయిదో రోజు మధ్యాహ్నం మా మరిది తనను నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చాడు. రెండు రోజులుగా వాంతులు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ 80కి 50. షుగర్ 58. ఛాతీలో మళ్లీ పిల్లికూతలు. ఒంట్లో చీము పట్టిందేమో, రక్తం విషమించిందేమో అని డ్యూటీ డాక్టర్ సెలైన్ పెట్టి అన్ని పరీక్షలకూ రక్తం పంపించారు. ఆ ట్యూబు నా చేతికే వచ్చింది. మెషిన్ ఇచ్చిన అంకె చూశాను, నమ్మకం కలగలేదు. స్లైడ్ చేసి మళ్లీ కంటితో లెక్కపెట్టాను. వందలో తొమ్మిది ఈసినోఫిల్స్.

మామూలు రోజుల్లో అయితే అలర్జీ ఉన్నవాళ్లలో తొమ్మిది చూసి ఎవరూ ఉలిక్కిపడరు. నేను ఉలిక్కిపడింది వేరే కారణానికి. ఆ సీనియర్ గారు మాకు ఒక పాత పరీక్ష గురించి చెప్పేవారు. 1948లో అమెరికాలో జార్జ్ థార్న్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఒక పద్ధతి చెప్పారు. అప్పట్లో రక్తంలో కార్టిసాల్‌ను నేరుగా కొలిచే తేలిక దారి లేదు. అందుకని వాళ్లు ఈసినోఫిల్స్‌నే కొలబద్ద చేసుకున్నారు. ముందు ఒకసారి లెక్కపెట్టాలి. తర్వాత అడ్రినల్‌ను తట్టిలేపే ఏసీటీహెచ్ హార్మోను 25 మిల్లీగ్రాములు ఇంజెక్షన్ ఇవ్వాలి. నాలుగు గంటలకు మళ్లీ లెక్కపెట్టాలి. ఈసినోఫిల్స్ సగానికి పడిపోతే అడ్రినల్ బాగానే పనిచేస్తున్నట్టు. పడకపోతే గ్రంథిలో లోపం. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి హార్మోనుతో మొదలైన మాట అడ్రినల్‌కు చేరి, అక్కడి నుంచి కార్టిసాల్‌గా రక్తంలోకి వచ్చి, చివరికి మైక్రోస్కోప్ కింద గులాబీ కణాల లెక్కగా తేలుతుంది. తర్వాత కార్టిసాల్‌ను నేరుగా కొలిచే పరీక్షలు రావడంతో ఇది మూలపడింది. నేను నా చేత్తో ఎప్పుడూ చేయలేదు. కానీ ఆయన దాని నుంచి ఒక సూత్రం చెప్పేవారు: 'ప్రాణం మీదికి వచ్చినవాళ్ల స్లైడ్‌లో ఈసినోఫిల్స్ కనపడకూడదు. కనపడితే అడ్రినల్ గురించి ఆలోచించు.'

ఎందుకంటే పెద్ద జబ్బు చేసినప్పుడు, ఆపరేషన్ జరిగినప్పుడు, విషజ్వరం వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్‌ను కుమ్మరిస్తుంది. దాని దెబ్బకు రక్తంలో ఈసినోఫిల్స్ దాదాపు మాయమవుతాయి. నా చెల్లెలు బీపీ పడిపోయి మంచం మీద ఉంది. తన స్లైడ్‌లో ఒక్క ఈసినోఫిల్ కూడా ఉండకూడదు. తొమ్మిది ఉన్నాయి. అంటే కార్టిసాల్ రావడం లేదు.

స్లైడ్ పట్టుకుని డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. నా కూతురి వయసు అమ్మాయి. టెక్నీషియన్ చెప్పేదేమిటి అనుకోలేదు, ఆగి విన్నది. 'స్టెరాయిడ్ ఏమైనా వాడేవారా?' అంది. 'లేదు మేడం' అని ధీమాగా చెప్పాను. ఆమె నన్ను వదిలేసి మా మరిదిని అడిగింది. ఆయన చెల్లెలి హ్యాండ్‌బ్యాగ్ వెతికి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట తీశాడు. డెక్సామెథసోన్, 0.5 మిల్లీగ్రాములు.

హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలో ఉన్న కార్టిసాల్, 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చారు. ముందు తీసి ఉంచిన రక్తంలో కార్టిసాల్ పరీక్షకు పంపారు. అంకె చాలా తక్కువగా వచ్చింది. సాయంత్రానికి బీపీ 110కి 70. 'అక్కా, మంచినీళ్లు' అంది. నేను బయటికి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

జరిగిందేమిటంటే, బయటి నుంచి అయిదు నెలలు స్టెరాయిడ్ అందుతుంటే పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం మానేసింది. పిలుపు లేక అడ్రినల్ గ్రంథి నిద్రపోయింది. మాత్ర ఆపగానే అది వెంటనే లేవలేదు. లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. సుమారు మూడు వారాలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లకు మోతాదు మెల్లగా తగ్గిస్తూ రావాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఈ ఉత్తరం చదివి భయపడి ఎవరైనా ఈ రాత్రే తమ మాత్రలు ఆపేస్తారేమోనని నాకు చాలా భయంగా ఉంది. దయచేసి అలా చేయకండి. ఎన్నాళ్లుగా వాడుతున్నారో, రోజుకెన్నో నిజం దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. ఆ అట్టను వెంట తీసుకెళ్లండి. తగ్గించే లెక్క వాళ్లు చెబుతారు.

0.5 మిల్లీగ్రాములంటే ఎంతలే అనిపిస్తుంది. నా చెల్లెలూ అలాగే అనుకుంది. మన అడ్రినల్ గ్రంథులు మామూలు రోజున తయారుచేసే కార్టిసాల్ సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌తో సమానం. అంటే ఆ చిటికెడు మాత్రలు రోజుకు రెండు వేసుకుంటే, శరీరం తనంతట తాను చేసుకునే దాన్ని మించిపోతుంది. ప్రెడ్నిసోలోన్ అయితే 5 మిల్లీగ్రాములు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌తో సమానం. ఉబ్బసం ముదిరినప్పుడు డాక్టర్లు కొద్ది రోజులు 40 మిల్లీగ్రాములు ఇస్తారు. అది హైడ్రోకార్టిసోన్ లెక్కలో 160 మిల్లీగ్రాములు అయింది. అవసరమైనప్పుడు, కొద్ది రోజులకు అది ప్రాణం నిలిపే మందు. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. 1950లో కెండాల్, రైక్‌స్టీన్, హెంచ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చింది ఈ హార్మోన్ల మీద చేసిన పనికే, అది తగిన బహుమతే. ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి మింగడం గురించే నా ఆవేదన. షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు, అణిగి ఉన్న క్షయ తిరగబెట్టడం, ఇవన్నీ ఆ దారిలో వచ్చేవే.

అదే మనుషులు ఇన్‌హేలర్‌కు భయపడతారు. అందులోనూ ఉండేది స్టెరాయిడే కానీ, ఒక్కో పీల్పుకు 100, 200 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. అది నేరుగా ఈసినోఫిల్స్ మకాం వేసిన శ్వాసనాళాలకే పోతుంది, ఒళ్లంతటికీ చేరేది చాలా తక్కువ. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే ఇంకా తక్కువ. కొలిచి ఇచ్చిన మైక్రోగ్రాములకు భయపడి, పేరు తెలియని మిల్లీగ్రాములు మింగుతున్నారు. నా చెల్లెలు ఇప్పుడు రెండు పూటలా ఇన్‌హేలర్ వాడుతోంది. ఆ రోజు నుంచి మళ్లీ ఆసుపత్రిలో చేరలేదు.

ఈసినోఫిల్స్ పెరగడాన్నే జబ్బు అనుకుని 'నాకు ఈస్నోఫీలియా ఉంది' అని చెప్పుకోవడం మనలో చాలా మామూలు. అది జబ్బు పేరు కాదు, ఒక ఆనవాలు. అలర్జీలో పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. మలపరీక్షలు చేసిన దాన్ని కాబట్టి ఇది మరీ గట్టిగా చెప్పాలి. స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నటి పురుగు ఒకటుంది. చెప్పుల్లేకుండా మట్టిలో నడిచినప్పుడు చర్మం గుండా లోపలికి వస్తుంది. మిగతా పురుగుల్లా కాక ఇది మనిషి ఒంట్లోనే తరం తర్వాత తరం పెరుగుతూ దశాబ్దాలు ఉండిపోగలదు. మన రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ మనిషికి ఈసినోఫిల్స్ ఎక్కువున్నాయని, అలర్జీ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే అదుపు పోతుంది. పురుగులు విపరీతంగా పెరిగి పేగులు దాటి ఊపిరితిత్తులకూ, మెదడుకూ పాకుతాయి. అందులో చాలామంది బతకరు. ఇంకా దారుణం, అప్పుడు రక్తపరీక్ష చేస్తే ఈసినోఫిల్స్ తక్కువగా కనపడవచ్చు. హెచ్చరించాల్సిన కణాలను మందే మాయం చేసి ఉంటుంది కాబట్టి.

మీ వ్యాసంలో ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవాలని కూడా రాశారు. అది కూడా సరిచేయాలి. అప్పటికప్పుడు విరుచుకుపడే అలర్జీలో ముందు పేలేవి మాస్ట్ కణాలు. ఇవి చర్మంలో, శ్వాసనాళాల్లో కాపలా ఉంటాయి. హిస్టమిన్ నింపిన సంచులను నిమిషాల్లో ఒలకబోస్తాయి. కార్టిసాల్ జాతి మందులు జన్యువుల దాకా వెళ్లి పనిచేయాలి కాబట్టి వాటికి గంటలు కావాలి. ఆ లోపల మనిషి పోవచ్చు. అక్కడ పనికొచ్చేది అడ్రినలిన్. అదీ అదే గ్రంథి నుంచి వచ్చే హార్మోనే, కానీ బెరడు నుంచి కాదు, లోపలి గుజ్జు నుంచి. అది కణం లోపలికి వెళ్లదు. పై పొర మీదున్న గ్రాహకాన్ని, అంటే సంకేతం అందుకునే ప్రొటీన్‌ను తాకితే చాలు, నిమిషాల్లో మాస్ట్ కణం ఒలకబోయడం తగ్గిస్తుంది, మూసుకుపోతున్న శ్వాసనాళం తెరుచుకుంటుంది, జారిపోతున్న బీపీ నిలబడుతుంది. తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. స్టెరాయిడ్ ఆ తర్వాతి సంగతి.

హార్మోన్లకూ అలర్జీ కణాలకూ ఉన్న బంధుత్వం ఈ రెండింటితో అయిపోదు. చిన్నతనంలో ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ, యుక్తవయసు దాటాక ఆడవాళ్లలో ఎక్కువ. నెలసరికి ముందు ఆయాసం పెరుగుతుందని చెప్పే ఆడవాళ్లు ఎందరో. ఈస్ట్రోజెన్‌ను గుర్తుపట్టే గ్రాహకాలు మాస్ట్ కణాలకు ఉన్నాయి. వీలైతే దాని మీద మీరే ఒక వ్యాసం వేయించండి.

ఇక నేను అడగదలచుకున్నది. ల్యాబ్‌లో రక్తం తీసేటప్పుడు నింపే ఫారంలో పేరు, వయసు, పరగడుపా కాదా అని ఉంటుంది. దాని కింద ఇంకో గీత గీయమంటున్నాను: 'స్టెరాయిడ్ వాడుతున్నారా? మాత్ర, ఇంజెక్షన్, ఇన్‌హేలర్, పేరు తెలియని ఆయాసం మందు ఏదైనా?' ఆ మాటలు అలాగే, తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలి. ఒట్టి 'స్టెరాయిడ్' అని రాస్తే నా చెల్లెలు 'లేదు' అనే రాసేది, తను వాడుతున్నది స్టెరాయిడ్ అని తనకు తెలియదు. రక్తం తీసిన టైము కూడా రిపోర్టు మీద డాక్టర్ కంటికి కనపడేలా ఉండాలి. ఒకే మనిషిని రెండుసార్లు పోల్చాలంటే రెండుసార్లూ అదే వేళకు తీయాలి. దీనికి కొత్త మెషిన్ అక్కర్లేదు, కొత్త మనిషి అక్కర్లేదు.

నా తోటి టెక్నీషియన్లకూ ఒక మాట. న్యూట్రోఫిల్స్ పైకి, ఈసినోఫిల్స్ సున్నాకు వచ్చి, మనిషి జ్వరం లేకుండా నడిచి వచ్చి ఉంటే సంతకం పెట్టేముందు ఒకసారి బయటికి వెళ్లి అడగండి. మన పని కాదని ఎవరైనా అంటే అననివ్వండి. ఆ రోజు ఆ డాక్టరమ్మాయి అనలేదు.

మీరు ఆ వాక్యాన్ని సరిదిద్దుతూ రెండు లైన్లు వేస్తే చాలు. ఉషస్సు కథ చెప్పిన మా సీనియర్ గారు పోయి తొమ్మిదేళ్లయింది. ఈ ఉత్తరం రాయడానికి చెల్లెలిని అనుమతి అడిగాను. 'నా పేరు వద్దు, ఆ మాత్ర పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వేయమను అక్కా' అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్